కాటిసీనులో రాజు, కాటిలో కూలి
ఆధునిక నాటకంలో విషాద నాయకునిగా కష్టజీవి: ఒక సంఘ కాపరి పరిశీలన

విషాద నాటకానికి నాయకుడుగా ఉండదగినవాడెవడు అన్నది సాహిత్య విద్యార్థులు పరీక్షలో రాసే ప్రశ్న. నేనూ బి.ఏ.లో దానికి జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాడినే. అది సంఘ కాపరికి కూడా తప్పని ప్రశ్న అని నాకు తెలిసివచ్చింది మాత్రం పరిచర్యలో ప్రవేశించాక, ఒక భూస్థాపన ఆరాధనలో. ఆ సంగతి చివర చెబుతాను. ముందు నాటకాల సంగతి చూద్దాం.

అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో విషాద నాయకుణ్ణి గొప్ప పేరుప్రతిష్ఠలు, ఐశ్వర్యం గల ఇంటివాడుగా చెప్పాడు. అతడు బొత్తిగా దుర్మార్గుడు కాకూడదు, మచ్చలేని పుణ్యాత్ముడూ కాకూడదు. తనలోని ఒక పొరపాటు వల్ల ఉన్నత స్థితి నుండి పతనం కావాలి. మన నాట్యశాస్త్రం కూడా నాటకానికి ప్రఖ్యాతుడైన రాజర్షినే నాయకునిగా కోరింది. ప్రకరణమనే మరో రూపకంలో బ్రాహ్మణునికి, మంత్రికి, వర్తకునికి చోటిచ్చింది గనుక మృచ్ఛకటికంలో పేదవాడైపోయిన చారుదత్తుడు నాయకుడయ్యాడు. అయితే ఆ చారుదత్తుడు కూడా ఒకప్పుడు సిరిసంపదలు అనుభవించినవాడే. సంస్కృత నాటకం ముగింపులో చావును సాధారణంగా అంగీకరించలేదు. భాసుని ఊరుభంగం అరుదైన మినహాయింపు. అక్కడ కూడా రంగస్థలం మీద ప్రాణం విడిచేవాడు దుర్యోధన మహారాజే.

తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెప్పుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి ‘విషాద సారంగధర’లో కాళ్లూచేతులూ పోగొట్టుకున్నవాడు రాజరాజ నరేంద్రుని కుమారుడు. అనగా గ్రీకు దేశం నుండి బళ్లారి దాకా దారి ఒక్కటే: ఏడవాలంటే ముందు రాజై ఉండాలి.

కాటిసీను

కృష్ణా, గుంటూరు డెల్టా గ్రామాలలో పుట్టి పెరిగినవారెవరికీ ‘సత్య హరిశ్చంద్ర’ నాటకం గురించి చెప్పవలసిన పనిలేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి గారి ఆ నాటకంలో కాటిసీను కోసం జనం తెల్లవారుజాము వరకు మేలుకొని కూర్చునేవారు. డి.వి. సుబ్బారావు గారి వంటి నటులకు ఆ ఒక్క సీను చాలు, కీర్తి తెచ్చిపెట్టడానికి. చిన్నతనంలో నేను మా నాయనమ్మ ఒడిలో నిద్రపోతూ, లేస్తూ ఆ సీను చూశాను. పందిరికి బాగా వెనుక, మా పాలెం వాళ్లు కూర్చునే చోటునుండి.

సీను మీకు తెలిసినదే. అయోధ్య నేలిన హరిశ్చంద్రుడు కాశీలో వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరి అయ్యాడు. పాము కరిచి చనిపోయిన లోహితాస్యుణ్ణి మోసుకొని చంద్రమతి వచ్చింది. భార్య అని తెలిసి కూడా అతడు కాటి సుంకం అడిగాడు. ప్రేక్షకుల గుండె అక్కడ కరిగిపోతుంది. ఎందుకు? మహారాజు కాటికాపరి అయినందుకు. చితుల మధ్య కర్ర పట్టుకొని నిలబడినందుకు. ఎవరి చేతి క్రిందనో పనిచేయవలసి వచ్చినందుకు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించమని పాఠకులను కోరుతున్నాను. పందిరి వెనుక కూర్చున్న మా పెద్దలలో కొందరికి కాటిపని కులవృత్తి. గోతులు తవ్వడం, కట్టెలు పేర్చడం, ఊరంతా ఇళ్లకు పోయాక మంట దగ్గర కాపలా ఉండడం వారికి రోజువారీ బ్రతుకు. రంగస్థలం మీద ఏ స్థితి ఒక మనిషికి జరగగల చివరి అవమానమో, అది మా తాతకు ఉద్యోగం. హరిశ్చంద్రునికి ముందు రాజ్యం ఉంది, తరువాత దేవతలు వచ్చి తిరిగి ఇస్తారు. వీరబాహుని క్రింద పనిచేసే మిగతా కాపరులు నాటకం అయిపోయాక ఎక్కడికి పోయారు? వారిని గురించి ఏ కవీ రాయలేదు. మా వాళ్లు మాత్రం రాజు కోసం మనస్ఫూర్తిగా ఏడ్చి, పొద్దున్నే పనిలోకి వెళ్లేవారు.

ఇంకొక విశేషం. ఆ సీనులో నటులు పాడి జనాన్ని ఏడిపించే పద్యాలు చాలాచోట్ల బలిజేపల్లి వారివి కావు. శ్మశానం మీద గుఱ్ఱం జాషువ గారు రాసిన పద్యాలు. వినుకొండలో 1895లో పుట్టిన జాషువ అంటరానితనపు చేదు తిన్న కవి, క్రైస్తవ కుటుంబంలో పెరిగిన కవి. ఆయన పద్యాలలో చావు రాజుకూ, కవికీ, పేద ఇల్లాలికీ ఒకే మన్ను పంచుతుంది. రాజు వేషం వేసిన నటుడు ఆ పద్యాలు ఎత్తుకోగానే, కాసేపు కాటి నిజంగా అందరిదీ అయినట్లు అనిపించేది. నాటకకర్త ఇవ్వని సమానత్వాన్ని నటులు జాషువ దగ్గర అప్పు తెచ్చి కలిపారని నా అభిప్రాయం. ప్రేక్షకులు దాన్ని తప్పు పట్టలేదు సరికదా, అది లేకపోతే ఒప్పుకోలేదు.

విల్లీ లోమన్ ఎత్తు

1949 ఫిబ్రవరి 10న న్యూయార్కులో ఆర్థర్ మిల్లర్ నాటకం ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ మొదటిసారి ప్రదర్శించబడింది. అదే నెల 27న మిల్లర్ ‘న్యూయార్క్ టైమ్స్’లో విషాద నాటకాన్నీ సామాన్యుణ్ణీ గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. సామాన్య మానవుడు కూడా రాజులతో సమానంగా విషాద నాయకుడు కాగలడని అతని వాదం. ఆ అర్హత సింహాసనం వల్ల రాదు. తన మర్యాదకు, లోకంలో తనకు న్యాయంగా ఉండవలసిన చోటుకు ముప్పు వచ్చినప్పుడు చేతులు ముడుచుకొని కూర్చోలేక, అవసరమైతే ప్రాణం కూడా ఒడ్డే గుణం వల్ల వస్తుంది. విషాద నాయకుని ‘దోషం’ అని పిలిచేది కూడా బహుశా ఆ ఊరుకోలేని గుణమేనని మిల్లర్ అంటాడు.

వేదాంత విద్యార్థులు ఆ వ్యాసంలో ఒక మాట దగ్గర ఆగాలి. అన్నిటినీ ప్రశ్నించడానికి భయపడే రచయిత విషాద నాటకం రాయలేడని చెబుతూ మిల్లర్ యోబును జ్ఞాపకం చేసుకుంటాడు. యోబు కోపంతో దేవునికి ఎదురు నిలిచి తన న్యాయం అడిగి, చివరకు లోబడ్డాడు. మనం యోబును ఓర్పుకు మాదిరిగా ప్రసంగించి ప్రసంగించి, ముప్ఫై అయిదు అధ్యాయాల వాదాన్ని మింగేశాం. ఆ యోబే ఏడవ అధ్యాయంలో మానవ జీవితాన్ని కూలివాని దినాలతో పోల్చాడు. నీడ ఎప్పుడు పడుతుందా అని చూసే దాసుడు, కూలి డబ్బు కోసం ఎదురు చూసే పనివాడు ఆ ఉపమానంలో కనబడతారు. ఊజు దేశపు మహా ధనవంతుడు తన దుఃఖానికి మాటలు దొరకక కూలివాని బ్రతుకు నుండి అప్పు తెచ్చుకున్నాడు. కాటిసీనులో జరిగింది కూడా ఇదే కదా!

ఇక నాటకం. విల్లీ లోమన్‌కు అరవై మూడేళ్లు. బ్రతుకంతా ఒకే కంపెనీ సరుకు పెట్టెల్లో పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. ఇప్పుడు కారు నడపలేకపోతున్నాడు, జీతం ఆపి కమీషన్ మీద ఉంచారు. న్యూయార్కులోనే కూర్చుండి చేసే పని ఇవ్వమని యజమాని హోవర్డ్ దగ్గరకు వెళ్తాడు. ఆ హోవర్డ్‌కు పేరు పెట్టడంలో కూడా తన పాత్ర ఉందని గుర్తు చేస్తాడు. హోవర్డ్ కొత్తగా కొన్న రికార్డరులో పిల్లల గొంతులు వినిపిస్తూ ఉంటాడు, చివరకు ఉన్న ఉద్యోగమే తీసేస్తాడు. పక్కింటి చార్లీ ఉద్యోగం ఇస్తానంటే విల్లీ తీసుకోడు. వారం వారం అప్పు తీసుకుంటాడు గాని పని తీసుకోడు.

నా దృష్టిలో నాటకం మొత్తానికి కీలకం ఆ నిరాకరణ. చార్లీ ఇచ్చే ఉద్యోగం తీసుకుంటే తాను ఇన్నాళ్లు చెప్పుకున్న విల్లీ లోమన్ కాకుండా పోతాడు. వందల ఊళ్లలో తనను ప్రేమించేవాళ్లున్నారని, తన అంత్యక్రియలకు రాష్ట్రాల నుండి జనం కార్లలో వస్తారని అతని నమ్మిక. ఆ నమ్మిక అబద్ధం. అయినా అది అతని ఎత్తు. అరిస్టాటిల్ కోరిన ఉన్నత స్థితి మిల్లర్ నాటకంలో మనిషి తనను గూర్చి తాను కట్టుకున్న అంచనాలో ఉంది, అక్కడనుండే పడతాడు. పెద్దకొడుకు బిఫ్ ఏడుస్తూ తానూ మామూలువాడినే, నువ్వూ మామూలువాడివే అని తండ్రికి చెప్పే ఘట్టం ఉంది. అది ప్రేమతో చెప్పిన సత్యం. విల్లీకి అందులో ప్రేమ మాత్రమే వినబడింది. ఆ ప్రేమకు ప్రతిఫలంగా ఇరవై వేల డాలర్ల భీమా సొమ్ము కొడుక్కి మిగల్చాలని ప్రాణం తీసుకుంటాడు.

చివరి ఘట్టం సమాధి దగ్గర. రాష్ట్రాల జనం ఎవరూ రాలేదు. భార్య, ఇద్దరు కొడుకులు, చార్లీ, అతని కొడుకు, అంతే. ఇంటి అప్పు ఆఖరి వాయిదా ఆ రోజే కట్టానని, ఇప్పుడు ఇంట్లో ఉండేవారు లేరని లిండా సమాధితో చెబుతుంది. ఆ నాటకంలో పాదిరి ఎవరూ కనబడరు. ఈ మనిషిని తప్పు పట్టవద్దని వాక్యం చెప్పినట్లు చెప్పేవాడు పక్కింటి చార్లీ.

మన రంగస్థలం మీద

ఇంచుమించు అదే కాలంలో మన భాషలో ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’ రాశారు. సినిమా పాటల ఆత్రేయను ఎరిగినవారంతా ఆ నాటకకర్తను ఎరగరు. కొంతకాలం తానే గుమాస్తాగా పనిచేసిన అనుభవంతో ఆయన ఒక చిరుద్యోగిని రంగస్థలం మధ్యకు తెచ్చి నిలబెట్టారు. 1953లో ఆ కథే నాగయ్య గారితో ‘గుమాస్తా’ సినిమాగా వచ్చింది. చాలీచాలని జీతం, తెల్లచొక్కా మర్యాద, చేయి చాపలేని అభిమానం. రైతుకు లేని సిగ్గు, కూలికి లేని సిగ్గు ఈ గుమాస్తాకు ఉంది. తెలుగు పౌరాణిక రంగస్థలం మీద కిరీటాలకు అలవాటుపడిన ప్రేక్షకుడు తన పక్కింటివాణ్ణి అక్కడ చూశాడు. అది చిన్న సంగతి కాదు. అయితే ఒక ఇబ్బంది కూడా ఉంది. మన సాంఘిక నాటకాలలో ఎక్కువగా పేద ఉద్యోగి మంచివాడు, లోకం చెడ్డది. అతని మీద జాలి కలుగుతుంది, అతని లోపల తలుపు తెరుచుకోదు. తప్పంతా సమాజానిదే అయితే నాయకుడు మచ్చలేనివాడుగా మిగిలి మనిషిగా నమ్మశక్యం కాకుండా పోతాడని మిల్లర్ పై వ్యాసంలోనే హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మన పరిషత్తు నాటకాలకు నేటికీ పనికివస్తుంది.

ప్రజానాట్యమండలి దారి వేరు. 1943లో పుట్టిన ఆ ఉద్యమానికి కృష్ణా జిల్లా గట్టి స్థావరం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో రాసిన ‘మా భూమి’ని గరికపాటి రాజారావు గారు ప్రయోగించగా, డెల్టా పల్లెలు తెలంగాణా రైతు గోడును తమ గోడుగా విన్నాయి. ప్రభుత్వం నిషేధించేంత వేడి ఆ నాటకానికి ఉంది. అక్కడ కష్టజీవి పోరాడతాడు. పడినవాని వెనుక మరొకడు లేస్తాడు. అది వీరగాథ. హతసాక్షుల కథలు చదివిన క్రైస్తవునికి ఆ నిర్మాణం కొత్తది కాదు: చావు విత్తనం అవుతుంది, మొలకెత్తుతుంది. విషాద నాటకంలో మొలక కనబడదు. పూడ్చిన చోటు మాత్రమే కనబడుతుంది.

ఇక బోయి భీమన్న గారి ‘పాలేరు’. మామిడికుదురులో 1911లో పుట్టిన దళిత కవి రాసిన ఈ నాటకంలో పాలేరు చదువుకొని అధికారి అవుతాడు. ఈ నాటకం చూసి పిల్లలను బడిలో వేసిన పాలేర్లు ఉన్నారని మా పెద్దలు చెప్పేవారు, నేను నమ్ముతాను. సాహిత్య పండితులు కొందరు దీన్ని ప్రచార నాటకమని తేలికగా అంటారు. వారితో నేను ఏకీభవించను. వెయ్యేళ్లుగా పడి ఉన్నవాడికి పతనాన్ని చూపించి ఏడిపించడం కళ అవుతుందేమో గాని, భీమన్న గారికి అది సిగ్గుగా తోచి ఉంటుంది. తన జనానికి విషాదం రాయడానికి ఆయన నిరాకరించారు. ఆ నిరాకరణలో గొప్ప ప్రేమ ఉంది.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. కలెక్టరు కాలేకపోయిన పాలేరు సంగతేమిటి? పోరాటంలో చనిపోని కూలి సంగతేమిటి? వాడు యాభై ఏళ్లు బరువులు మోసి, ఎవరికీ మాదిరి కాకుండా, ఎవరికీ జెండా కాకుండా చనిపోతే, వాని కోసం రాసిన సీను ఎక్కడ ఉంది?

నాటకంలో పాదిరి

ఈ ప్రశ్నను యూరపులో కొందరు ముందే ఎదుర్కొన్నారు. వారి నాటకాలలో సంఘం ఎక్కడ నిలబడిందో చూస్తే మనకు సుఖంగా ఉండదు.

జర్మన్ రచయిత బ్యూక్నర్ 1837లో ఇరవై మూడేళ్లకే చనిపోతూ అసంపూర్ణంగా వదిలిన ‘వోయ్‌ట్సెక్’లో నాయకుడు ఒక పేద సిపాయి. కెప్టెన్‌కు గడ్డం గీస్తాడు, చాలని డబ్బు కోసం ఒక వైద్యుని ప్రయోగానికి శరీరం అప్పగించి బఠాణీలు మాత్రమే తింటాడు. సంఘ ఆశీర్వాదం లేకుండా బిడ్డను కన్నావని, నీతి లేనివాడివని కెప్టెన్ మందలిస్తాడు. చిన్నపిల్లలను తన యొద్దకు రానివ్వమన్న ప్రభువు, ఆ పిల్లవాని మీద ఆమేన్ పలికారా లేదా అని చూడడని వోయ్‌ట్సెక్ జవాబిస్తాడు. నీతికి డబ్బు కావాలని కూడా అంటాడు. చదువులేని సిపాయి వాక్యాన్ని కెప్టెన్ కంటే సరిగా అర్థం చేసుకున్నాడు. తరువాత అతడు మేరీని చంపుతాడు. బ్యూక్నర్ ఆ నేరాన్ని దాచడు, తేలిక చేయడు. అందుకే అతడు జాలికథలోని పేదవాడు కాకుండా విషాద నాయకుడయ్యాడు.

నేతగాని మనుమడైన హౌప్ట్‌మన్ 1892లో రాసిన ‘నేతగాళ్లు’ 1844 సైలీషియా తిరుగుబాటు కథ. నాలుగవ అంకంలో వ్యాపారి ఇంట్లో విందుకు వచ్చిన పాదిరి ఉన్నాడు. నేతగాళ్ల మీద జాలిపడిన యువ ఉపాధ్యాయుణ్ణి అతడు మందలిస్తాడు, ఆత్మల సంగతి చూసుకోమంటాడు. అయిదవ అంకంలో మాత్రమే ముసలి హిల్సె వస్తాడు. ఆకలితో ఉన్నా భక్తిగలవాడు. పరలోకంలో తీర్పు ఉందని, పగ తీర్చడం దేవుని పని అని నమ్మి, ఊరంతా లేచినా తన మగ్గం వదలడు. సైనికుల తుపాకి గుండు గురి తప్పి అతనికే తగిలి, మగ్గం మీదనే ఒరిగిపోతాడు.

హిల్సె విశ్వాసి అని కొందరు, మోసపోయినవాడని కొందరు రాశారు. నేను ఆ అంకం చదివిన ప్రతిసారి అతని దోషం ఏమిటని వెదుకుతాను. కిటికీ పక్కనుండి లేవకపోవడమా? ఆ కదలకపోవడం అతనికి ఎవరు నేర్పారు? ఆదివారం ఆదివారం మేము చెప్పిన ప్రసంగమే అతని దోషమైతే ఆ బాధ్యతలో ఎంత పాలు ప్రసంగ పీఠానిది? యాకోబు పత్రిక అయిదవ అధ్యాయంలో బిగబట్టిన కూలి మొఱ్ఱపెడుతున్నదన్న మాట ఉంది. దాని మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

సౌలుకు విలాపగీతం ఉంది

రాజుకూ కూలికీ ఉన్న ఈ తేడా మన గ్రంథంలో ఎలా ఉందో చూడాలి. సౌలు గిల్బోవ కొండమీద తన కత్తి మీద తానే పడ్డాడు. అతడు దేవుడు విసర్జించిన రాజు. అయినా యాబేష్గిలాదు వారు రాత్రంతా నడిచి అతని శరీరాన్ని తెచ్చి, ఎముకలు పాతిపెట్టి, ఏడు దినాలు ఉపవాసం ఉన్నారు. ఒకప్పుడు అతడు తమను రక్షించాడన్న ఒక్క జ్ఞాపకం వారికి చాలింది. దావీదు అతని కోసం విలాపగీతం కట్టి, యూదా వారికి నేర్పించమన్నాడు. ఆ గీతంలో సౌలు పాపాల పట్టిక లేదు. అహీతోపెలు కూడా తన ఇల్లు చక్కబెట్టుకొని ప్రాణం తీసుకున్నాడు. తండ్రి సమాధిలోనే పాతిపెట్టబడ్డాడని గ్రంథం చెప్పి ఊరుకుంది. ఎక్కడా సమాధి తలుపు మూయలేదు.

మూసినది తరువాతి సంఘం. అగస్టీను ‘దేవుని పట్టణం’ మొదటి పుస్తకంలో ఆత్మహత్యను హత్యగా నిర్ణయించాడు. 561లో బ్రాగా సభ అలాంటివారికి అంత్యక్రియల ఆరాధన నిరాకరించింది. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థనల పుస్తకం, తమ మీద తామే చేయి చేసుకున్నవారికి భూస్థాపన క్రమం వాడకూడదని మొదటి వాక్యంలోనే చెప్పింది. 1841లో నోబుల్, ఫాక్సు దొరలు మచిలీపట్నంలో అడుగుపెట్టినప్పుడు ఆ పుస్తకం కూడా ఈ డెల్టాకు వచ్చింది. పుస్తకం వాడని సంఘాలలో కూడా ఆ నిబంధన ఆచారంగా పాతుకుపోయింది. దేశ చట్టం 2017లో, ప్రాణం తీసుకోబోయినవాణ్ణి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాడిగా ఎంచమని చెప్పింది. చట్టం సంఘం కంటే ముందు నడవడం నాకు గర్వకారణం కాదు.

1999 వానాకాలం. విజయవాడ–ఏలూరు రహదారిని నూజివీడు–గుడివాడ రోడ్డు కలిసే హనుమాన్ జంక్షన్ పరిసరాలలో నేను కొత్తగా పనిచేస్తున్న రోజులు. మా సంఘంలో ఒక ముఠా మేస్త్రి ఉండేవాడు. రైసుమిల్లులో 75 కిలోల బస్తా నెత్తిన పెట్టుకొని, చెక్కబల్ల మీదుగా లారీలోకి ఎక్కేవాళ్లలో మొదటివాడు. ముఠా అంతా అతని నడకను చూసి నడిచేది. ఆదివారం కానుక పళ్లెం పట్టుకొని వచ్చేటప్పుడు కూడా అదే నడక. నడుము దెబ్బతిన్నాక రెండేళ్లు పనిలేదు. మిల్లులో రాత్రి కాపలా పని ఇస్తామన్నారు, ఒప్పుకోలేదు. లారీ మీద క్లీనరుగా వెళ్తున్న కొడుకు, ‘నాన్నా, మనం కూలోళ్లం, ఏ పనైతే ఏం’ అన్నాడట. తండ్రి వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. నేను వెళ్లి సామెతల గ్రంథం నుండి గర్వం గురించి చదివి ప్రార్థన చేసి వచ్చాను. దానికి కూడా అతడు ‘వందనాలు అయ్యగారూ’ అన్నాడు.

ఒక శనివారం టీకొట్టులో, కిరాణా కొట్టులో ఉన్న చిల్లర బాకీలన్నీ తీర్చాడు. ఆదివారం తెల్లవారేసరికి లేడు.

సంఘ పెద్దలు కూర్చుని, పెట్టెను ఆలయంలోకి తేవడానికి వీలులేదన్నారు. వారిని నిందించను. నేనూ ఒప్పుకున్నాను, కొత్తవాడిని, నాకు ఉద్యోగ భయం ఉంది. సమాధుల తోటలో నిలబడి నిరీక్షణ గూర్చిన భాగం వదిలేసి, మంటిని మంటికి అప్పగించే నాలుగు మాటలు చదివి పుస్తకం మూశాను. అతని భార్య ముందుకు వచ్చి, ‘అయ్యగారూ, అయిపోయిందా? ఆయనకు వాక్యం చెప్పరా?’ అని అడిగింది. ‘అయిపోయిందమ్మా’ అన్నాను.

ఆ రాత్రి నాకు బి.ఏ. పాఠ్యపుస్తకం జ్ఞాపకం వచ్చింది. చార్లీ ఇచ్చిన ఉద్యోగాన్ని విల్లీ ఎందుకు కాదన్నాడో పది మార్కులకు రాసిన నేను, రాత్రి కాపలా పని ఎందుకు కాదన్నాడో ఆ మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. అతనికి ఒక ఎత్తు ఉందని, చెక్కబల్ల మీద మొదటి నడక అతని సింహాసనమని నాకు తట్టలేదు. రాజుకైతే అభిమానమన్న గుణాన్ని కూలివానిలో గర్వమని పేరుపెట్టి, దానికి తగ్గ వాక్యం వెదికి చదివాను. యోబు స్నేహితులు కూడా ఏడు దినాలు ఊరక కూర్చున్న తరువాతే మాట్లాడారు. నేను అంతసేపు కూర్చోలేదు.

అతని తప్పేమీ లేదని ఇప్పుడు రాయడం కూడా సరికాదు. అలా రాస్తే మళ్లీ అతణ్ణి జాలికథలోకి దించినట్లే. అతడు భార్యకు అన్యాయం చేశాడు. కొడుకు మోయలేని బరువు కొడుకు మీద పెట్టి వెళ్లాడు. విల్లీ కూడా అంతే చేశాడు. ఆ తప్పు తెలిసి, పేరు పెట్టి, అయినా ఆ మనిషి ముందు టోపీ తీసి నిలబడగలగడం విషాద నాటకం ప్రేక్షకునికి నేర్పే పని. దావీదు గిల్బోవ వార్త విన్నప్పుడు చేసినదీ అదే. తన ప్రాణం తీయ తిరిగినవానిని అతడు మరచిపోలేదు, అయినా పాట కట్టాడు.

సహ సేవకులలో కొందరు ఇలాంటి ఆరాధనలు జరిపితే బలహీనులకు ప్రోత్సాహం ఇచ్చినట్లవుతుందని అంటారు. ఆ భయాన్ని నేను తోసివేయను. అలాంటి తలంపులో ఉన్నవాణ్ణి ముందుగా కనిపెట్టి, దగ్గర కూర్చొని, వైద్యుని దగ్గరకు తీసుకుపోవడం మన పని. ఆ పని చేయకుండా ఊరుకొని, తరువాత సమాధి దగ్గర కఠినంగా ఉండి ఆ లోటు పూడ్చుకోవడం మాత్రం ఎవరినీ కాపాడినట్లు నేను చూడలేదు. నేను నిరాకరించిన వాక్యం వల్ల ఆ పాలెంలో ఒక్క ప్రాణమైనా నిలిచిందని చెప్పలేను. ఆ ఇల్లాలు ఏడాదిపాటు ఆలయానికి రాలేదు, అది మాత్రం చెప్పగలను.

సమాధి కట్టేటప్పుడు శిలువ మీద పేరు క్రింద ‘ముఠా మేస్త్రి’ అని రాయించమని ఆమె అడిగింది. చనిపోయేనాటికి మేస్త్రి కాడు కదా అని ఒక పెద్ద అభ్యంతరం చెప్పాడు, వాక్యం రాయిస్తే చాలన్నాడు. వాక్యమే రాయించాము. మిల్లర్ తన నాటకానికి విల్లీ పేరు పెట్టకుండా అతని పని పేరు పెట్టాడని నాకు అప్పుడు గుర్తుకు రాలేదు. ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం వేసేటప్పుడు కొడుకు ప్రతి ఏడూ వస్తాడు. ఇప్పుడు అతనికి సొంత లారీ ఉంది. సున్నం ఆరాక వాక్యం మీది అక్షరాలు దిద్ది, క్రింద ఖాళీ చోట చిన్న కుంచెతో నీలిరంగులో ‘ముఠా మేస్త్రి’ అని రాస్తాడు. వానలకు అది పోతుంది. మరుసటి ఈస్టరుకు మళ్లీ రాస్తాడు.